బిల్లు మీద ఫైబర్ అని ఉంది, ఇంట్లోకి వచ్చేది ఫైబరేనా?

నయీంనగర్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. హన్మకొండ నయీంనగర్‌లో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. లోకల్ కేబుల్ వాళ్ల దగ్గర నెట్ తీసుకుని ఏడాదిన్నర అయింది. బిల్లు మీద ఫైబర్ ప్లాన్, 100 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది. స్పీడ్‌కి వంక పెట్టలేను. కానీ మొన్న గాలివాన రాత్రి దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. తెల్లారి చూస్తే రూటర్‌లో ఒక్క లైటూ వెలగలేదు. పోయిన ఎండాకాలం కూడా సరిగ్గా ఇలాగే అయింది. రెండుసార్లూ మబ్బు పట్టగానే ప్లగ్ పీకేశాను. ఫైబర్ అయితే పిడుగుకు పోదు అంటాడు మా తమ్ముడు. కేబుల్ అబ్బాయిని అడిగితే "మనది ఫైబరే మేడమ్" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఇంట్లో కూర్చుని నేనే చూసి తెలుసుకునే దారి ఉందా? ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను, నెట్ పోతే పని ఆగిపోతుంది.

కాజీపేట నుంచి జవాబు:

అక్కా, నేను ఫైబర్ జాయింట్లు వేసే పనిలో ఉన్నాను. ప్లగ్ పీకినా రూటర్ పోయిందన్నారు కదా, నాకు అక్కడే అనుమానం వచ్చింది. కరెంటు దారి మూసేశాక కూడా కాలిందంటే ఇంకో దారిలో వచ్చింది. రూటర్‌కి మిగిలిన దారి నెట్ వైరే. ఫైబర్ అంటే గాజు పోగు, అందులో వెలుతురు పోతుంది తప్ప కరెంటు పారదు. రాగి తీగ డాబాల మీదుగా లాగి ఉంటే, పిడుగు దాని మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా ఆ తీగలో ఒక్కసారిగా కరెంటు పుట్టి సరాసరి రూటర్‌లోకి వస్తుంది.

బిల్లు పక్కన పెట్టి, వైరు పట్టుకుని వెళ్లండి. రూటర్ వెనక వ్యాన్ (WAN) అని రాసిన రంధ్రంలోకి వచ్చే వైరు ఏదో చూడండి. దాని చివర తెల్లగా, లోపలి భాగం కనిపించే ప్లాస్టిక్ క్లిప్, అందులో ఎనిమిది బంగారు రంగు గీతలు, పెట్టగానే టక్కున పడితే అది ల్యాన్ వైరు, అంటే రాగి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ల్యాన్ వైరు కనిపించగానే నాది ఫైబర్ కాదు అనుకోవద్దు. అది గదిలోనే ఇంకో చిన్న డబ్బాకి పోతుంటే ఆ డబ్బా వెనక చూడండి. అక్కడ ఆకుపచ్చ చతురస్రపు పిన్ను, దానికి చార్జర్ వైరు కన్నా సన్నని పసుపు లేదా తెల్ల వైరు ఉంటే అది ఫైబర్. ఫైబర్‌లో వచ్చే వెలుతురుని నెట్‌గా మార్చే ఆ డబ్బానే మేం ఓఎన్‌యూ అంటాం. కొన్ని కనెక్షన్లకి రూటర్, ఓఎన్‌యూ కలిసి ఒకే డబ్బాగా వస్తాయి. దాని మీద పాన్ (PON), లాస్ (LOS) అని రెండు లైట్లు ఉంటాయి. పాన్ నిలకడగా వెలిగి, లాస్ ఆరిపోయి ఉంటే అంతా బాగున్నట్టు. లాస్ ఎర్రగా కొట్టుకుంటే వెలుతురు అందడం లేదని.

ఒక్క మాట. ఆకుపచ్చ పిన్ను పీకి లోపలికి కన్ను పెట్టి చూడకండి. అందులో వచ్చేది కంటికి కనిపించని లేజర్. పిల్లలున్న ఇళ్లలో మరీ జాగ్రత్త.

ఇంకో ప్రశ్న అక్కా. మీకు ఇన్వర్టర్ ఉందా? ఉండి కూడా వీధిలో కరెంటు పోగానే నెట్ పోతోందా?

పరకాల నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు:

అమ్మా, మా ఇంట్లో చాలా ఏళ్లు టెలిఫోన్ తీగ మీదే నెట్ నడిచింది. ల్యాన్ క్లిప్ కన్నా చిన్న క్లిప్, మోడెమ్ మీద డీఎస్‌ఎల్ అనే లైటు, ఫోన్‌కి, మోడెమ్‌కి తీగ చీల్చే చిన్న డబ్బీ. అవి ఉంటే మొత్తం రాగే. దానిలో డౌన్‌లోడ్ మహా అయితే 24 ఎంబీపీఎస్, అప్‌లోడ్ ఒకటి దగ్గరే ఆగేది. ఎక్స్ఛేంజ్‌కి దూరమైన కొద్దీ అదీ తగ్గేది. అందుకని అప్‌లోడ్ చూస్తే తెలిసిపోతుందేమో?

కాజీపేట:

సార్, మీరన్నది టెలిఫోన్ తీగకి సరిపోతుంది. అక్క విషయంలో తేలదు. ల్యాన్ వైరు మీద కూడా రెండు వైపులా 100 వస్తుంది. స్పీడ్ టెస్ట్‌లో ఎప్పుడు చూసినా 94 దగ్గర ఆగుతుంటే మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉందని మాత్రం చెప్పొచ్చు. అది పాత రూటర్‌దీ కావచ్చు. కళ్లతో చూసిందే లెక్క. మధ్యలో సూది ఉన్న గుండ్రటి మర పిన్ను ఉంటే అది టీవీ కేబుల్ తీగ, అదీ రాగి కిందే లెక్క.

నయీంనగర్:

తమ్ముడూ, మీరు చెప్పినట్టే వైరు పట్టుకుని వెళ్లాను. టక్కున పడే క్లిప్పే. గదిలో ఇంకో డబ్బా లేదు. వైరు కిటికీలోంచి బయటికి పోయి, పక్క బిల్డింగ్ డాబా మీది ఇనుప పెట్టెలోకి వెళ్తోంది. పెట్టె తలుపు సందులోంచి లైట్లు మినుకుమినుకుమంటున్నాయి, మాలాంటివే ఏడెనిమిది వైర్లు అందులోంచి తలో ఇంటికి పోతున్నాయి. పెట్టె నుంచి కరెంటు స్తంభం వైపు సన్నని చదును నల్ల వైరు ఒకటే ఉంది. ఇన్వర్టర్ ఉంది, అయినా కరెంటు పోతే నెట్ పోతుంది. ఆ పెట్టెకి ఆ ఇంటి కరెంటే ఇచ్చారట.

కాజీపేట:

అయితే తేలిపోయింది అక్కా. ఆ నల్ల వైరు ఫైబర్, పెట్టెలో ఉన్నది స్విచ్, అంటే ఒక నెట్ లైనుని నాలుగిళ్లకి పంచే డబ్బా, అక్కడి నుంచి మీ ఇంటిదాకా రాగి. కేబుల్ అబ్బాయి చెప్పింది పెట్టె వరకు నిజం. ఇంటిదాకా ఫైబర్ వేస్తే మధ్యలో వెలుతురుని పంచే స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదు. మీ ఇన్వర్టర్ మీద ఓఎన్‌యూ నడిస్తే చాలు, వాళ్ల ఆఫీసులో బ్యాకప్ ఉంటే నెట్ ఆగదు.

"నాకు స్విచ్ నుంచి ల్యాన్ వద్దు, ఇంటిదాకా డ్రాప్ లాగి ఓఎన్‌యూ పెట్టండి" అని ఇవే మాటలతో అడగండి. డ్రాప్ అంటే బయటి లైను నుంచి ఇంట్లోకి లాగే ఫైబర్ వైరు. ఫైబర్ ఉందా అని అడిగితే మళ్లీ ఉందనే అంటారు. పెట్టాక పవర్ మీటర్‌తో, అంటే అందే వెలుతురు బలం కొలిచే మీటర్‌తో, చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత, మైనస్ 27 దాటితే వానాకాలంలో సతాయిస్తుంది. డ్రాప్ పక్కన ఉక్కు తీగ ఉంటే దాన్ని గోడ బయటే ఆపమనండి, అది లోపలికి రాకూడదు. మూల మలుపుల్లో వైరు మడత పడకుండా గుండ్రంగా తిప్పమనండి. మన వైపు కోతుల బెడద తెలిసిందే, డాబా మీద వేలాడనివ్వకుండా గోడకి క్లిప్పులు కొట్టిస్తే మంచిది. గోడకి రంధ్రం కొట్టాలి కాబట్టి ఓనర్‌కి ముందే చెప్పండి.

అప్పటిదాకా మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవక ముందే కరెంటు ప్లగ్‌తో పాటు ల్యాన్ క్లిప్ కూడా తీసేయండి. ఫైబర్ వచ్చాక కూడా కరెంటు ప్లగ్ తీయడం మానకండి, అడాప్టర్ దారి అలాగే ఉంటుంది.

నయీంనగర్, నాలుగు రోజుల తర్వాత:

వచ్చి వేశారు. ఆకుపచ్చ పిన్ను, మీటర్ మీద మైనస్ 19. నిన్న కరెంటు పోయినా నా మీటింగ్ ఆగలేదు. చాలా థ్యాంక్స్ తమ్ముడూ. పాత ల్యాన్ వైరు కిటికీ దగ్గర అలాగే ఉంది, ఉంచేయొచ్చా?

కాజీపేట:

ఉంచకండి అక్కా. పెట్టె దగ్గర కూడా విప్పించి మొత్తం లాగేయమనండి. రేపు ఎవరో ఒకరు దాన్ని టీవీ బాక్స్‌కో, కంప్యూటర్‌కో పెడతారు.