అమెరికా ప్రీమెడ్ (మెడికల్ స్కూలుకి సిద్ధమయ్యే డిగ్రీ చదువు): మూడో ఏడు కాగానే అప్లై చేయాలా, ఒక ఏడాది ఆగాలా?

తెల్లకోటు:
జీపీఏ 3.6 దగ్గరుండి, బయోకెమిస్ట్రీ ఇంకా పూర్తికాని జూనియర్ (డిగ్రీ మూడో ఏడు) పిల్లల గురించే ఈ చర్చ. నా మాట ఆగమనే. జూన్‌లో ఆమ్‌కాస్ (మెడికల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు) ఫారం పంపితే చేరేది మరుసటేడు వేసవి చివర్లో. ఫారంలో మూడేళ్ల గ్రేడ్లే పడతాయి. 90 క్రెడిట్లకి 3.6 ఉన్నవాళ్లు చివరి 30లో అన్నీ ‘ఏ’లు తెచ్చుకుంటే 3.7 అవుతుంది. సైన్స్ జీపీఏ విడిగా లెక్కేస్తారు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చి మళ్లీ తీసుకున్నా పాత గ్రేడు పోదు, రెండూ లెక్కలోకే వస్తాయి.

కృష్ణాతీరం:
0.1 కోసం ఏడాది పోగొట్టుకోవడం సబబుగా లేదండీ. ఎంక్యాట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) స్కోరుని చాలా మెడికల్ స్కూళ్లు రెండు మూడేళ్లే ఒప్పుకుంటాయి. పాఠం చెప్పిన ప్రొఫెసర్‌కి రెండేళ్లు పోయాక పిల్ల ముఖమే గుర్తుండదు, సిఫార్సు లెటరు పొడిపొడిగా వస్తుంది. ఫాల్ సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ, ఏప్రిల్‌లో ఎంక్యాట్ పెట్టుకుంటే సరిపోతుంది కదా.

తెల్లకోటు:
లెటరు సంగతికి దారి ఉంది: క్లాసు అయిన నెలలోపే అడిగి ఇంటర్‌ఫోలియోలో (లెటర్లు దాచిపెట్టే ఆన్‌లైన్ సర్వీసు) పెట్టించండి. ఏప్రిల్ ఎంక్యాట్ అంటే మాత్రం స్ప్రింగ్‌లో 15 క్రెడిట్ల మీద రోజూ మూడు గంటల చదువు అదనం. ల్యాబ్ రిపోర్టులు వెనకబడతాయి, ప్రాక్టీసూ సాగదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

పది_నిమిషాలు:
మీరిద్దరూ క్యాలెండర్ పట్టుకుని వాదిస్తున్నారు. తేల్చాల్సింది ప్రాక్టీసు పరీక్ష. క్యార్స్‌లో (ఎంక్యాట్‌లో ప్యాసేజీలు చదివి జవాబులు పెట్టే భాగం) 90 నిమిషాలకి 9 ప్యాసేజీలు, 53 ప్రశ్నలు. ఒక్కో ప్యాసేజీ చదవడానికే ఆరు నిమిషాలు పోతే ప్రశ్నకి 40 సెకన్లు మిగులుతాయి. కెమిస్ట్రీ కార్డులు గుట్టలుగా రాసుకుని క్యార్స్‌ని చివరి నెలకి వదిలేస్తారు. అది నెలలో వచ్చేది కాదు, మొదటి వారం నుంచీ రోజుకి రెండు ప్యాసేజీలు చేయాలి. తప్పుల నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: ప్రశ్న, పెట్టిన జవాబు, అది ఎందుకు నచ్చింది, ప్యాసేజీలో దాన్ని కాదనే వాక్యం. మూడో గడి ఖాళీగా వదిలేవాళ్లు అదే తప్పు మళ్లీ చేస్తారు. చివరి మూడు వారాల్లో రాసిన రెండు ఏఏఎంసీ (ఎంక్యాట్ నడిపే సంస్థ) ఫుల్ లెంగ్త్ ప్రాక్టీసు పరీక్షలూ 505 దాటకపోతే తేదీ మార్చేయండి. పరీక్షకి 10 రోజుల ముందు వరకూ వీలుంటుంది.

ఫ్రిస్కో_నాన్న:
హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. 21 నిండితే ఆ వీసా పోతుంది, ఎక్కువమంది ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారతారు. చాలా స్కూళ్లు సిటిజన్లనీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. మిగిలిన వాటిలో కొన్ని నాలుగేళ్ల ఫీజూ ముందే ఎస్క్రోలో (మూడో పక్షం దగ్గర పెట్టే ఖాతా) చూపమంటాయి. ఎంఎస్ఏఆర్‌లో (మెడికల్ స్కూళ్ల ప్రవేశ వివరాలుండే ఏఏఎంసీ డేటాబేస్) ఒక్కో స్కూలూ తెరిచి చూసుకోవాల్సిందే. హెచ్-4 మీద ఈ పిల్లలు జీతానికి స్క్రైబ్‌గా (డాక్టరు పక్కనుండి నోట్సు రాసే పని) చేరలేరు, ఆస్పత్రిలో వాలంటీరుగానే గంటలు కూడబెట్టాలి.

కృష్ణాతీరం:
అయితే వీళ్లు ఆగడం మరీ ప్రమాదం కదండీ?

తెల్లకోటు:
ఎంచుకోవడానికి ఉన్నవే కొద్ది స్కూళ్లు. బలహీనమైన ఫారంతో ఒకసారి కాదనిపించుకుంటే మరుసటేడు మళ్లీ ఆ గుమ్మాలే తొక్కాలి. అందుకే ఎఫ్-1 పిల్లలకీ నా మాట మారదు, ఓపీటీ (ఎఫ్-1 వాళ్లకి చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) మాత్రం సమయానికి పెట్టాలి. డిగ్రీ ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు అప్లై చేయొచ్చు. మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులకి మించి పని లేకుండా ఉంటే స్టేటస్‌కే ఎసరు. కాబట్టి ల్యాబ్ ఉద్యోగం కోసం నాలుగో ఏడు జనవరి నుంచే మెయిళ్లు పంపించండి.