మిగిలిన ఎంబ్రియోలను జీన్ ఎడిటింగ్ రీసెర్చ్‌కు ఇవ్వొచ్చా? ఫారం మీద సంతకం పెట్టాలి

కృష్ణాతీరం:
మా ఇద్దరికీ బీటా తలసేమియా మైనర్, అంటే రక్తానికి సంబంధించిన ఆ జన్యు జబ్బును మోసేవాళ్లమే గానీ మాకు జబ్బు లేదు. పెళ్లికి ముందు ఎవరూ టెస్ట్ చేయించుకోమని చెప్పలేదు. పెద్దవాడికి మేజర్, అంటే అసలు జబ్బే, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రెండో బిడ్డ కోసం ఐవీఎఫ్‌కు వెళ్లి, ఎంబ్రియోలకు (ల్యాబ్‌లో తయారైన తొలి దశ పిండాలకు) జన్యు పరీక్ష చేయించి జబ్బు లేనిదాన్నే పెట్టించుకున్నాం, పాప బాగుంది. ఇంకో రెండు ఎంబ్రియోలు ఫ్రీజింగ్‌లో ఉన్నాయి, రెండింటికీ మేజర్ అని రిపోర్ట్. ఇప్పుడు క్లినిక్ నుంచి ఫారం వచ్చింది. డబ్బు కట్టి ఉంచుకుంటారా, తీసేయమంటారా, పరిశోధనకు ఇస్తారా అని మూడు గడులు, అంతే.

మా ఆయన ఇచ్చేద్దామంటున్నారు. జీన్ ఎడిటింగ్ (కణాల్లోని జన్యువును మార్చడం) మీద ప్రయోగాలు జరిగితేనే కదా రేపు మనలాంటి వాళ్లకు దారి దొరికేది అని. మా అత్తగారేమో "వద్దనుకుంటే వదిలేయండి గానీ, కోసి చూడమని ఎలా ఇస్తారమ్మా" అన్నారు, ఆ మాట నన్ను వదలడం లేదు. చైనాలో ఒకాయన ఎడిట్ చేసిన పిల్లల్నే పుట్టించాడని చదివాక టెన్షన్ ఇంకా ఎక్కువైంది. మావి కూడా అలా ఎవరి కడుపులోకైనా వెళ్తాయా? అసలు ఇవ్వడం తప్పా?

గాజుకుప్పె:
నేను ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ముందు ఒక విషయం అండి, మీవి ఐదో రోజు దాకా పెరిగాక ఫ్రీజ్ చేసినవే అయి ఉంటాయి, జన్యు పరీక్షకు సాధారణంగా ఆ రోజే కణాలు తీస్తారు. మైక్రోస్కోప్ కింద చూస్తే నీటి బుడగలా ఉంటుంది, ఒక పక్కన చిన్న కణాల గుంపు, దాని నుంచే బిడ్డ తయారయ్యేది, చుట్టూ ఉన్న పొరేమో మాయ అవుతుంది. మొత్తం కలిపి వంద, రెండు వందల కణాలు. నరాలు లేవు, నొప్పి తెలిసే అవకాశమే లేదు. అంతమాత్రాన అది ఉత్త కణాల ముద్ద అని నేను అనను, రోజూ వాటితో పనిచేసేదాన్ని కాబట్టే అనలేను.

రెండో విషయం, ఈ దశలో ఎడిట్ చేస్తే కొన్ని కణాలు మారతాయి, కొన్ని పాతవే మిగిలిపోతాయి. అందుకే ఎడిటింగ్ ప్రయోగాలు ఎక్కువగా ఫలదీకరణ అయిన మొదటి రోజు ఎంబ్రియోల మీదే చేస్తారు. కాబట్టి మీవి వెళ్తే స్టెమ్ సెల్స్ (మూలకణాలు) తీయడం లాంటి వేరే పనికి వెళ్లే అవకాశమే ఎక్కువ. ఆ సంగతి క్లినిక్ మీకు చెప్పిందా?

ఇక ఇవ్వడం తప్పా అంటే, నా దృష్టిలో కాదు. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యాథీ నియాకన్ బృందానికి ఎంబ్రియోలను ఎడిట్ చేసి పరిశోధించడానికి 2016లో అక్కడి నియంత్రణ సంస్థ లైసెన్స్ ఇచ్చింది. ఐవీఎఫ్ దంపతులు దానం చేసిన ఎంబ్రియోలే, గర్భంలో పెట్టడం పూర్తిగా నిషేధం. 2020లో ఆ ఎంబ్రియోలను మళ్లీ విశ్లేషిస్తే, క్రిస్పర్‌తో (జన్యువును కోసి మార్చే పద్ధతి) కోసిన చోట అనుకున్న మార్పే కాకుండా కొన్నింటిలో క్రోమోజోమ్ ముక్కలే పోయాయని తేలింది. ఎడిట్ చేసిన పిల్లల్ని పుట్టించడానికి ఈ టెక్నాలజీ ఇంకా పనికిరాదని ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నామంటే ఆ దానాల వల్లే.

ఓ_పాజిటివ్:
అక్కా, నేను తలసేమియా మేజర్‌తో పుట్టినవాణ్ని, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను. మీ అబ్బాయి గురించి చదివి రాయకుండా ఉండలేకపోయాను.

ఎంబ్రియో ఎడిటింగ్ మాలాంటి వాళ్ల కోసమే అని అందరూ అంటుంటే బాధేస్తుంది. 2015లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో మొదటిసారి మనిషి ఎంబ్రియోలను ఎడిట్ చేసినప్పుడు కూడా తలసేమియా జన్యువునే తీసుకున్నారు (అవి బిడ్డగా ఎదగలేనివే లెండి). కానీ మీరే చూశారుగా, జబ్బు లేని పాప కోసం మీకు ఎడిటింగ్ అవసరం పడలేదు, పరీక్ష చేసి ఎంచుకుంటే సరిపోయింది. పెళ్లికి ముందో, గర్భం వచ్చిన కొత్తలోనో రక్త పరీక్ష చేస్తే మైనర్ ఉందో లేదో తెలిసిపోతుంది, అదే ఊరూరా జరగడం లేదు.

ఇప్పటికే పుట్టిన మాకు పనికొచ్చే ఎడిటింగ్ వేరే ఉంది. పేషెంట్ మూలకణాలు తీసి, బయట ఎడిట్ చేసి, తిరిగి ఎక్కిస్తారు. కాస్‌జెవీ అనే ఆ చికిత్సకు 2023లో బ్రిటన్‌లో అనుమతి వచ్చింది. అందులో ఎంబ్రియో ఊసే లేదు, మార్పు ఆ మనిషితోనే ఆగిపోతుంది, పిల్లలకు పోదు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు! నాకైతే నీతి ప్రశ్న అక్కడే ఉంది. ఎంబ్రియోలు ఇవ్వొద్దని కాదు, ఇస్తే మా కోసమని మాత్రం అనుకోకండి.

తుంగభద్ర:
చైనా సంగతి అడిగారు కదా. హె జియాన్‌కుయి 2018 నవంబర్‌లో కవల ఆడపిల్లల గురించి బయటపెట్టాడు. వాళ్ల తండ్రికి హెచ్ఐవీ ఉందని, పిల్లలకు రాకుండా సీసీఆర్5 అనే జన్యువును మార్చానని చెప్పాడు. కానీ వీర్యాన్ని శుభ్రం చేసి ఐవీఎఫ్ చేస్తే తండ్రి నుంచి ఆ వైరస్ రాకుండా చూసే పద్ధతి అప్పటికే ఉంది, అంటే అవసరమే లేని చోట పిల్లల మీద ప్రయోగం చేశాడు. 2019 డిసెంబర్‌లో మూడేళ్ల జైలు పడింది. నన్ను ఎక్కువ కలచివేసింది ఆ దంపతులకు ఇచ్చిన ఫారం. దాని మీద ఎయిడ్స్ వ్యాక్సిన్ తయారీ ప్రాజెక్టు అని ఉంది. వాళ్లూ మీలాగే సంతకం పెట్టారు!

అందుకే "పరిశోధన" అన్న ఒక్క మాట మీద సంతకం పెట్టకండి. మన దగ్గర 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించేది) ప్రకారం దంపతుల అంగీకారం ఉండాలి, రిజిస్టర్ అయిన సంస్థకే ఇవ్వాలి, పరిశోధన కోసం దేశం దాటించకూడదు. ఎడిట్ చేసిన ఎంబ్రియోను గర్భంలో పెట్టడానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిబంధనలు ఒప్పుకోవు, 14 రోజులు దాటి ల్యాబ్‌లో పెంచడానికీ లేదు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి, మీ క్లినిక్ పాటిస్తుందా లేదా అన్నది మాత్రం మీరే అడిగి తెలుసుకోవాలి. ఏ సంస్థ, ఏ ప్రయోగం, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మధ్యలో మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా, అన్నీ రాతపూర్వకంగా అడగండి.

మిగిలిపోయినవి ఇవ్వడం ఒక ఎత్తు, ప్రయోగం కోసమే కొత్తగా తయారుచేయడం ఇంకో ఎత్తు. రెండోదానికి ఎవరో ఒక ఆడమనిషి హార్మోన్ ఇంజెక్షన్లు పొడిపించుకుని అండాలు ఇవ్వాలి, అలాంటి వాళ్లు చాలామంది డబ్బు అవసరంలో ఉన్నవాళ్లే. దాన్ని నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం:
అందరికీ చాలా థ్యాంక్స్. ఓ_పాజిటివ్ తమ్ముడూ, నీది మా ఆయనకు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లినిక్‌కు ఈ ప్రశ్నలన్నీ మెయిల్ పెట్టాను. రిసెప్షన్ నుంచి ఫోన్ చేసి "అదంతా మేం చూసుకుంటాం మేడమ్, మీరు టిక్ పెట్టండి చాలు" అన్నారు, రాతలో ఇస్తేనే పెడతానని చెప్పాను. ఇవ్వకపోతే తీసేయమనే గడిలోనే పెడతాను, అత్తగారికి కూడా అదే చెప్పాను. విజయవాడ, గుంటూరు వైపు ఎవరికైనా పరిశోధనకు విడిగా, వివరంగా ఫారం ఇచ్చిన అనుభవం ఉంటే, అందులో ఏమేం రాశారో చెప్పగలరా?