ట్రిపెల్ బీరుకు ఏ సీసాలు, ఏ మూతలు వాడాలి?

నమస్కారం. డాలస్‌లో ఉంటాను, ఇంట్లోనే బీరు చేసుకుంటాను. ఈసారి బెల్జియన్ ట్రిపెల్, 20 లీటర్లు, పులవడం పూర్తయింది. సీసాలో గ్యాస్ 3.5 వాల్యూమ్‌ల దాకా (అంటే బీరు పరిమాణానికి మూడున్నర రెట్లు) రావాలని సుమారు 210 గ్రాముల పంచదార కలపబోతున్నాను. పోయినసారి మామూలు పల్చటి సీసాల్లో పోస్తే అర్ధరాత్రి ఒకటి ఢామ్మని పేలి, గాజుముక్క అలమర తలుపులో దిగబడింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

అందుకే మందపాటి షాంపేన్ సీసాలు పోగేశాను. చిక్కల్లా మూతలతోనే. అమెరికా సీసాలకు 26 మిల్లీమీటర్ల క్రౌన్ మూత (సోడా సీసాలకుండే అంచు ముడతల రేకు మూత) పడుతోంది, ఫ్రెంచివాటికి 29 కావాలి. నా దగ్గరున్న క్యాపర్, అంటే మూత బిగించే పనిముట్టు, 26దే. 29ది కొనాలా, లేక కార్కు కొట్టి వైరు బిగించాలా? కార్కు కొంత బయటే ఉండాలి కదా, చేత్తో నొక్కే కార్కర్‌తో అది కుదురుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.