చెక్క బాణాలకు ములికి తాత్కాలికంగా ఎలా పెట్టాలి?

ప్రశ్న (కర్నూలు)
అన్నలూ, 35 పౌండ్ల చెక్క విల్లుకు 11/32 అంగుళాల మందం కర్రలతో బాణాలు చేస్తున్నా. ఈకలు అతికించకముందే బేర్ షాఫ్ట్ వేసి చూద్దామని రెండు కర్రలకు 125 గ్రెయిన్ల బరువున్న ములుకులు ఎపాక్సీతో పెట్టేశా. నాది కుడిచేయి వాటం, రెండూ ఈకలున్న బాణం కంటే కుడికే పడుతున్నాయి, అంటే కర్ర మెత్తన, విల్లుకు మించి వంగుతోంది. పొట్టి చేసి గట్టిపరుద్దామంటే ములికి రాదే! మంట మీద పెట్టి లాగితే లోపల కర్ర బొగ్గయి అక్కడే పుటుక్కుమంది. జిగురు లేకుండా తొడిగితే బాణం చేతికొచ్చి ములికి గడ్డిమోపులో ఉండిపోయింది. తేనెమైనం పెట్టమంటున్నారు, పనికొస్తుందా?

జవాబు (అనంతపురం)
తమ్ముడూ, ట్యూనింగ్ (కర్రను విల్లుకు సరిపెట్టడం) అయ్యేదాకా ఎపాక్సీ జోలికి పోవద్దు. అది కూడా వేడికి మెత్తబడుతుంది గానీ, అంత వేడికి కర్ర తట్టుకోదు. గ్లూ గన్‌లో వేసే జిగురు కడ్డీ తెచ్చుకో, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ములికిని ప్లయర్‌తో పట్టుకుని వేడి చేసి, కడ్డీని కరిగించి కర్ర మొనకు పల్చగా పూసి, ములికిని తిప్పుతూ తొడిగి, బండకేసి నొక్కి నీళ్లలో ముంచు. అంతే. తీసేటప్పుడు ములికి కొసను మాత్రమే మంటలో పెట్టు, వేడి దానంతటదే వెనక్కి పాకుతుంది. వెనక అంచు దగ్గర, కర్ర కనబడే చోట మంట తగిలిందా, మళ్లీ నీకు జరిగిందే జరుగుతుంది. మెల్లగా తిప్పి చూస్తూ ఉండు, జిగురు వదిలిన క్షణం చేతికే తెలుస్తుంది.

జవాబు (కడప)
మైనం మన ఊళ్లలో వద్దు. అది కరిగేది 62-64 డిగ్రీల దగ్గరే అయినా అంతకు చాలా ముందే మెత్తబడుతుంది, మే నెల ఎండలో బాణాలు పెట్టి చూడు, ములికి చేత్తో లాగితే వచ్చేస్తుంది.

ఇంకో మాట, రంపం పట్టకముందు 100 గ్రెయిన్ల ములికి పెట్టి చూడు. ముందు బరువు తగ్గితే కర్ర గట్టిగా ప్రవర్తిస్తుంది, తేడా చిన్నదైతే దాంతోనే సరిపోవచ్చు, కోసిన కర్ర మాత్రం తిరిగి రాదు కదా. కోయక తప్పకపోతే పావు అంగుళం చొప్పున, ములికి వైపే కోయి. కోసిన ప్రతిసారీ 5 డిగ్రీల మొన కొత్తగా చెక్కాలి, కాబట్టి కొలత ఎప్పుడూ ములికి వెనక అంచు నుంచి నాక్ గాడి (నారి కూర్చునే గాడి) దాకా తీసుకో.

జవాబు (అనంతపురం)
కడప అన్న చెప్పింది నిజం, ముందు 100 చూడు. ఈకల్లేని చెక్క బాణం వంకరగా గుచ్చుకుంటే విరుగుతుంది, అందుకని ఎనిమిది పది మీటర్ల నుంచే, మెత్తటి దాని మీదే వెయ్యి. వేసిన ప్రతిసారీ కర్రను చెవి దగ్గర పెట్టుకుని కొంచెం వంచి విను. చిటుక్కుమన్న శబ్దం వస్తే ఆ కర్రను ఇక విల్లుకు ఎక్కించవద్దు, అది విడిచేటప్పుడు విరిగితే నేరుగా నీ ఎడమ చేతిలో దిగుతుంది.

ప్రశ్న అడిగినవారు
చాలా థ్యాంక్స్ అన్నా. ఈ సాయంత్రమే కడ్డీ తెచ్చి 100తో మొదలుపెడతా. ఎపాక్సీ ఉన్న రెండో కర్రను అట్లే ఉంచేసి, కొత్తది తీసుకుంటా.