‘గాడ్ సేవ్ ద క్వీన్’ పాటకు మొదటి స్థానం దక్కకుండా అడ్డుకున్నారా?

శ్రవణానందం:
బ్రిటన్‌కు చెందిన పంక్ రాక్ (దూకుడైన, తిరుగుబాటు ధోరణి సంగీతం) బృందం సెక్స్ పిస్టల్స్ 1977 మే 27న విడుదల చేసిన ‘గాడ్ సేవ్ ద క్వీన్’ గురించి మా మిత్రమండలిలో ప్రసంగించవలసి ఉంది. నా సందేహాలు మూడు. ఎలిజబెత్ రాణి పాలన రజతోత్సవాన్ని ఎగతాళి చేయడానికే ఈ పాట పుట్టిందా? బ్రిటన్ అధికారిక రికార్డు విక్రయాల పట్టికలో దీనిని రెండో స్థానం వద్ద కావాలనే ఆపారా? ఇన్నేళ్ల తరువాత దీనిలో మిగిలిన పదును ఎంత? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

నల్లరికార్డు:
మీరు అడగకపోయినా రికార్డు ముద్రణల సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఈ పాట చరిత్రలో సగం అందులోనే ఉంది. 1976 డిసెంబరులో టీవీ ముఖాముఖిలో బూతులు మాట్లాడిన తరువాత రికార్డు కంపెనీ ఈఎంఐ వీరిని వదిలించుకుంది. 1977 మార్చి 10న బకింగ్‌హామ్ రాజభవనం ఎదుట బల్ల వేయించి, పత్రికల వారిని పిలిపించి, ఏ అండ్ ఎం అనే మరో రికార్డు సంస్థతో ఒప్పందం మీద సంతకాలు చేశారు. వారం తిరగకముందే ఆ సంస్థ ఒప్పందాన్ని రద్దు చేసి, అప్పటికే అచ్చైన సుమారు 25,000 ప్రతులను నాశనం చేయించింది. తప్పించుకున్న కొద్ది ప్రతులే నేడు వేల పౌండ్లు పలుకుతున్నాయి. దాని సంఖ్య ఏఎంఎస్ 7284, వెనుక వైపు పాట ‘నో ఫీలింగ్స్’. మే నెలలో వర్జిన్ అనే మూడో సంస్థ విడుదల చేసిన దాని సంఖ్య వీఎస్ 181, వెనుక వైపు ‘డిడ్ యూ నో రాంగ్’. ఒక వర్తకుడు నాకు నకిలీ ఏ అండ్ ఎం ప్రతిని అంటగట్టబోయాడు గాని, లేబుల్ చూడగానే తిప్పి పంపించాను. ఇరవై అడుగుల దూరం నుంచైనా నేను పోల్చుకోగలను.

చలపతి_గణాంకాలు:
రెండో ప్రశ్నకు నా జవాబు: ఆపారనడానికి రుజువు లేదు. అధికారిక పట్టికలో ఆ వారం మొదటి స్థానం రాడ్ స్టీవర్ట్ ‘ఐ డోంట్ వాంట్ టు టాక్ అబౌట్ ఇట్’ రికార్డుది. ఎన్ఎంఈ అనే సంగీత పత్రిక పట్టికలో మాత్రం పిస్టల్స్ మొదటి స్థానంలో ఉన్నారు. రెండు పట్టికలూ వేరు వేరు దుకాణాల నుంచి లెక్కలు తీసుకునేవి, కనుక తేడా రావడంలో వింత లేదు. పంక్ అభిమానులు ఈ తేడాను పట్టుకొని ఇన్ని దశాబ్దాలుగా కుట్ర కథ అల్లుతూనే ఉన్నారు.

లీడ్స్_నివాసి:
చలపతి గారూ, మీరు అంకెలను చూస్తున్నారు గాని, ఆ అంకెలు పుట్టిన పరిస్థితిని చూడడం లేదు. బీబీసీ ఆ పాటను నిషేధించింది, వాణిజ్య రేడియోలను నియంత్రించే సంస్థ కూడా అదే దారి పట్టింది. వూల్‌వర్త్స్, బూట్స్, డబ్ల్యూహెచ్ స్మిత్ వంటి పెద్ద దుకాణాలు రికార్డును అమ్మనన్నాయి. రేడియోలో వినబడకుండా, పెద్ద దుకాణంలో కనబడకుండా రెండో స్థానానికి వచ్చిందంటే, అడ్డు లేకపోతే ఎక్కడికి వెళ్లేదో మీరే ఊహించండి. పైగా, రికార్డు కంపెనీలకు చెందిన దుకాణాల అమ్మకాలను ఆ ఒక్క వారం లెక్క నుంచి తప్పించారన్న ఆరోపణ ఉంది. వర్జిన్‌కు సొంత దుకాణాలు ఉండేవన్నది అందరికీ తెలిసిందే. నేను ఇక్కడి పబ్బుల్లో ఆనాటి మనుషులతో మాట్లాడాను, వారిలో ఒక్కరూ రెండో స్థానాన్ని నమ్మరు.

చలపతి_గణాంకాలు:
పబ్బుల్లో నమ్మకం గణాంకం కాదండీ. వూల్‌వర్త్స్ అమ్మనంటే అక్కడ అమ్మకం జరగలేదు, జరగని అమ్మకాన్ని ఏ పట్టికా లెక్కించలేదు. అమ్మకానికి అడ్డుపడడం వేరు, జరిగిన అమ్మకాన్ని దాచిపెట్టడం వేరు. మొదటిది బహిరంగంగా జరిగింది, దానిని నేను కాదనను. రెండవదే మోసం, దానికి మీరు చూపుతున్నది ఒక ఆరోపణ మాత్రమే.

లీడ్స్_నివాసి:
ఇంట్లోకి రానివ్వకుండా తలుపు వేసినవాడూ, వచ్చినవాడిని దాచిపెట్టినవాడూ వేరంటారు, సరే. లోపలికి రాలేకపోయినవాడికి ఆ తేడా ఎందుకు? మీలాంటి వారి వల్లే చరిత్రలో అధికారులు రాసుకున్నదే మిగులుతుంది.

చలపతి_గణాంకాలు:
‘మీలాంటి వారు’ అనే మాటను వెనక్కి తీసుకోండి. ఇరవై ఏళ్లుగా బ్రిటిష్ పట్టికలను చదువుతున్నవాడిని, నాకు మీ పాఠం అవసరం లేదు.

నాలుగుతీగలు:
ఇద్దరూ కాస్త శాంతించండి. నేను బేస్ గిటారు వాయిస్తాను, కనుక నన్ను బాధించే విషయం వేరు. ఆ బృందపు బేస్ వాద్యకారుడిగా పేరుపడ్డ సిడ్ విషస్ బొమ్మ ఉన్న చొక్కా వేసుకున్న ప్రతివాడూ ఈ పాటలో బేస్ అతనిదే అనుకుంటాడు. పాట రచయితలుగా రికార్డు మీద ఉన్న నాలుగు పేర్లు జోన్స్, మాట్‌లాక్, కుక్, రాటెన్. గ్లెన్ మాట్‌లాక్ 1977 ఫిబ్రవరిలో బృందాన్ని వీడాడు, ఆ తరువాతే సిడ్ చేరాడు. మార్చిలో వెస్సెక్స్ స్టూడియోలో క్రిస్ థామస్ నిర్మాణంలో రికార్డు చేసినప్పుడు బేస్ కూడా గిటారిస్టు స్టీవ్ జోన్స్ వాయించాడు. శబ్దం అంత దిట్టంగా, ఒకే మనిషి రెండు చేతుల్లా కలిసిపోయి వినబడడానికి కారణం అదే. మాట్‌లాక్ కూర్చిన స్వరానికి కీర్తి మాత్రం వాయించడం సరిగా రాని కుర్రవాడికి దక్కింది.

శ్రవణానందం:
ధన్యవాదాలు. కానీ మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు.

నాలుగుతీగలు:
రజతోత్సవం కోసం రాసినది కాదు. 1976 చివరికే, ‘నో ఫ్యూచర్’ అన్న పేరుతో ఉండేది. ఉత్సవాల సమయానికి విడుదల అయ్యేలా చూసింది మేనేజరు మాల్కం మెక్లారెన్, వర్జిన్ సంస్థ. రాసింది ఒకరు, ముహూర్తం పెట్టింది మరొకరు. తాను ఇంగ్లాండు ప్రజల మీద ప్రేమతోనే, వారి పట్ల జరుగుతున్న చిన్నచూపు మీద కోపంతోనే రాశానని గాయకుడు జాన్ లైడన్ (రికార్డు మీది రాటెన్ ఇతనే) పలుమార్లు చెప్పుకున్నాడు.

కాకినాడ_కళ:
నేను గ్రాఫిక్ కళాకారిణిని. మీరందరూ పాటను విన్నారు గాని, దాని అట్టను చూడలేదు. చిత్రకారుడు జేమీ రీడ్ నీలి, వెండి రంగుల్లో రాణి ముఖాన్ని ఉంచి, కళ్ల మీద, నోటి మీద పత్రికల అక్షరాలను చింపి అతికించినట్లు పేర్లు వేశాడు. రాణి పెదవులకు గుచ్చిన పిన్నీసుతో ఉన్న బొమ్మే అట్ట అని చాలామంది అనుకుంటారు. అది ప్రచారపు పోస్టరు, తరువాత చొక్కాల మీదికి ఎక్కింది. ఆ చొక్కాలను అమ్మిన ఫ్యాషన్ రూపకర్త వివియన్ వెస్ట్‌వుడ్ 1992లో అదే రాణి చేతుల మీదుగా ఓబీఈ బిరుదు అందుకున్నారు. జేమీ రీడ్ పేరు ఎందరికి గుర్తుంది?

లీడ్స్_నివాసి:
వెస్ట్‌వుడ్ బిరుదు మాట వచ్చింది కనుక చెబుతాను. 1977 జూన్ 7న పిస్టల్స్ ‘క్వీన్ ఎలిజబెత్’ అనే పడవను అద్దెకు తీసుకొని థేమ్స్ నదిలో పాడుతూ వెళ్లగా, రేవు చేరాక పోలీసులు మెక్లారెన్‌ను, ఆమెను, మరికొందరిని అరెస్టు చేశారు. ఆ నెలలోనే లైడన్ మీద కత్తులతో దాడి జరిగింది, డ్రమ్మర్ పాల్ కుక్ కూడా దెబ్బలు తిన్నాడు. పట్టికల పండితులు ఆ కత్తిగాట్లను ఏ గడిలో నింపుతారో చెప్పాలి.

చలపతి_గణాంకాలు:
దాడిని నేను సమర్థించానా? చర్చ అమ్మకాల గురించి.

శ్రవణానందం:
మిత్రులారా, మూడో ప్రశ్న మిగిలింది.

కాకినాడ_కళ:
పదును పోయిందనే అనుకుంటాను. 2012 ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఈ పాట తునకను వినిపించారు, ఆ ఉత్సవాన్ని ప్రారంభించినది స్వయంగా రాణి. తమ పాటలను టీవీ ధారావాహికలో వాడనివ్వనని లైడన్ పట్టుబట్టగా, 2021లో జోన్స్, కుక్ న్యాయస్థానంలో అతనిపై గెలిచారు. 2022లో రాణి డెబ్బై ఏళ్ల ఉత్సవానికి రికార్డును మళ్లీ ముద్రించి అమ్మారు. ఎవరిని గద్దించడానికి పుట్టిందో ఆ వేడుకకే అది వస్తువైపోయింది.

నాలుగుతీగలు:
ఒప్పుకోను. 2016 నవంబరులో బీబీసీ టీవీ ప్రసారాలను రోజూ జాతీయగీతంతో ముగించాలని ఒక పార్లమెంటు సభ్యుడు కోరితే, ‘న్యూస్‌నైట్’ కార్యక్రమం చివర జాతీయగీతం పేరే ఉన్న ఈ పాటను వేశారు. ఒకనాడు నిషేధించిన సంస్థే దానితో చమత్కరించగలిగిందంటే పదును ఉన్నట్లే. అదే నెలలో మెక్లారెన్, వెస్ట్‌వుడ్‌ల కుమారుడు జో కోరే థేమ్స్ మీద తన పంక్ సేకరణను తగలబెట్టాడు. దాని విలువ యాభై లక్షల పౌండ్లని ప్రకటించుకున్నాడు.

నల్లరికార్డు:
ఆ మంటల వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిరసన తెలపాలంటే వేయి దారులున్నాయి. చరిత్ర సాక్ష్యాలను కాల్చినవాడిని నేను క్షమించను. అన్నట్టు, 2022 పునర్ముద్రణలో ఏ అండ్ ఎం రూపం కూడా ఉంది. కొనేవారు దానిని అసలు ప్రతిగా భ్రమించకండి.

చలపతి_గణాంకాలు:
పునర్ముద్రణల అమ్మకాలను ఏ పట్టికలో లెక్కిస్తారో ఇక్కడ ఎవరికైనా తెలుసా, లేక అది కూడా కుట్రేనా?

లీడ్స్_నివాసి:
మీరే పండితులు కదా, చూసి చెప్పండి. ముందుగా 1977 జూన్ రెండో వారం ఎన్ఎంఈ పట్టికను బయటకు తీయండి.