జ్ఞానదంతం తీయించే ముందు త్రీడీ స్కాన్ అడిగారు: తీయించుకున్నవారి అనుభవం ఏమిటి?

హసన్‌పర్తి_వాసి:

నా వయసు 34. కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా పడుకొని ముందున్న పన్నును నెడుతోంది. మూడు నెలల్లో రెండుసార్లు చిగురు వాచి, నోట్లో రెండు వేళ్ళు పట్టేంత కూడా దవడ తెరుచుకోలేదు. హనుమకొండలో చూసిన డాక్టర్ గారు మొదట ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే, తీయించారు. అందులో పంటి వేర్ల కొసలు దవడ నరం వెళ్ళే కాలువ మీద పడ్డట్టు ఉన్నాయి. కాలువ అంచున కనిపించవలసిన తెల్లని గీత సరిగ్గా ఆ చోట తెగిపోయింది. నరం వేర్లకు ఏ వైపున ఉందో తెలియకుండా పన్ను మీద చేయి వేయనని చెప్పి, సీబీసీటీకి, అంటే దవడ త్రీడీ స్కాన్‌కు, చీటీ రాశారు. ఒక ఎక్స్‌రే అయ్యాక మళ్ళీ 2,500 రూపాయలు ఎందుకని ఇంట్లో అడుగుతున్నారు, నా దగ్గర జవాబు లేదు. తీయించుకున్నవారు దాని వల్ల వైద్యంలో నిజంగా ఏమైనా మారిందా లేదా చెప్పగలరు.

రిటైర్డ్_లెక్కల_సారు, హనుమకొండ:

నాది ఇంప్లాంట్ కథ, అంటే పోయిన పన్ను చోట ఎముకలో స్క్రూ బిగించి కృత్రిమ దంతం పెట్టడం. కింది దవడలో పన్ను పోయి ఆరేళ్ళయింది. ఓపీజీ చూస్తే ఎముక ఎత్తు నిండుగా ఉంది కాబట్టి మామూలు స్క్రూ సరిపోతుందని అనుకున్నాము. స్కాన్ తీశాక డాక్టర్ గారు కంప్యూటర్‌లో నా దవడను రొట్టె ముక్కలు కోసినట్టు అడ్డంగా కోసి చూపించారు. ఎత్తు ఉన్నది నిజమే, కానీ నాలుక వైపున ఎముక లోపలికి గుంటలా వంగి ఉంది. నిటారుగా రంధ్రం వేసి ఉంటే డ్రిల్లు ఎముక దాటి నోటి అడుగు భాగంలోకి పోయేదని, అక్కడ రక్తనాళాలు ఉంటాయని వివరించారు. నరానికి పైన కనీసం 2 మిల్లీమీటర్ల ఎముక వదిలి, పొడవు తక్కువున్న ఇంప్లాంటును కొంచెం వాలుగా వేశారు. లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు నచ్చిన మాట ఒకటి ఉంది. ఓపీజీలో బొమ్మ అసలు కొలత కంటే సుమారు 20 నుంచి 30 శాతం పెద్దదిగా పడుతుంది, అది కూడా అన్నిచోట్లా ఒకే తీరుగా పెరగదు. స్కాన్‌లో మాత్రం కొలత ఉన్నది ఉన్నట్టు వస్తుంది. నేను అడిగితే డాక్టర్ గారు నా ముందే మౌస్‌తో గీత గీసి మిల్లీమీటర్లు చూపించారు.

కరీంనగర్_స్రవంతి:

పై దవడలో మొదటి పెద్ద దంతానికి రూట్ కెనాల్ (పంటి వేరు లోపలి సన్నని కాలువలను శుభ్రం చేసి నింపే వైద్యం) చేయించుకొని క్యాపు కూడా పెట్టించుకున్నాను. ఎనిమిది నెలలు గడిచినా వేడి చాయ్ తగిలితే జివ్వుమనేది. చిన్న ఫిల్ము ఎక్స్‌రేలు రెండు తీశారు, రెండింట్లోనూ అంతా బాగుందన్నారు. రెండో డాక్టర్ ఆ ఒక్క పంటి వరకే స్కాన్ తీయించగా, బుగ్గ వైపు వేరులో రెండో సన్నని కాలువ ఉన్నట్టు, దాన్ని ఎవరూ ముట్టనట్టు తేలింది. సగానికి పైగా మనుషుల్లో ఈ పంటికి ఆ అదనపు కాలువ ఉంటుందట. మామూలు ఎక్స్‌రేలో అది ముందున్న కాలువ వెనక దాక్కుంటుందని చెప్పారు. క్యాపు విప్పి మళ్ళీ చేశారు. ఆ నొప్పి మళ్ళీ రాలేదు. మొదటిసారి చేసినవారిని తప్పుపట్టను, ఎందుకంటే చదునైన బొమ్మలో లేనిదాన్ని వారు మాత్రం ఎలా చూడగలరు!

దంతవైద్యుడు_వరంగల్:

హసన్‌పర్తి మిత్రుడు అడిగినదానికి నేరుగా జవాబు చెబుతాను. ఓపీజీలో మూడు కొలతల దవడ ఒక కాగితం మీద పరచినట్టు పడుతుంది. నరం వేరు ముందు ఉన్నా వెనక ఉన్నా అక్కడ ఒకటే నీడ. సీబీసీటీలో శంకు ఆకారపు కిరణం తల చుట్టూ ఒకసారి తిరుగుతూ వందల బొమ్మలు తీస్తుంది, కంప్యూటర్ వాటిని కలిపి ఘనరూపం కడుతుంది. మీరు కదలకుండా కూర్చోవలసింది 10 నుంచి 40 సెకన్లు మాత్రమే. ఈ యంత్రాలు 1990ల చివర్లో ఇటలీ, జపాన్‌లలో రూపుదిద్దుకున్నాయి.

రేడియేషన్ మాటకొస్తే, ఓపీజీకి సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) పడితే, నాలుగైదు పళ్ళకు పరిమితమైన చిన్న స్కాన్‌కు యంత్రాన్ని బట్టి కొన్ని పదుల నుంచి వంద దాకా పడవచ్చు. తల మొత్తానికి ఆసుపత్రి సీటీ తీస్తే అది సుమారు 2,000. ప్రకృతి నుంచి ఒక మనిషికి ఏడాదిలో ప్రపంచ సగటున అందేది సుమారు 2,400. కాబట్టి ఒక్క చిన్న స్కాన్‌కు బెదిరిపోవలసిన పని లేదు, అలాగని అవసరం లేకుండా తీయించుకోవలసినదీ కాదు. ఎంత భాగం తీయాలో చీటీ మీద రాసి ఉందో లేదో చూసుకోండి. కింది కుడి మూల చాలినచోట రెండు దవడలూ తీయించడం అనవసరం.

పాత వెండి ఫిల్లింగు, లోహపు క్యాపు ఉన్నచోట గీతలు గీతలుగా మెరుపులు వచ్చి, పక్కనే ఉన్న పుచ్చు కనిపించకపోవచ్చు. పిప్పిపళ్ళు వెతకడానికి చిన్న ఎక్స్‌రేయే మేలు. మరో మాట, స్కాన్ తీయించినంత మాత్రాన నరం దెబ్బతిని పెదవి మొద్దుబారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పన్ను ఏ వైపు నుంచి ఎలా కోయాలన్న నిర్ణయం మాత్రం గుడ్డిగా జరగదు.

మంచిర్యాల_అమ్మ:

మా పాపకు 12 ఏళ్ళు. పై కోరపన్ను రావలసిన వయసు దాటుతున్నా దిగలేదు. క్లిప్పుల డాక్టర్ వేలితో తడిమి, అంగిలి వైపు ఉండవచ్చని చెప్పి స్కాన్ అడిగారు. చిన్నపిల్ల అని భయపడి రెండు వారాలు వాయిదా వేశాను. చివరికి తీయిస్తే, ఆ కోరపన్ను పక్కనున్న ముందు పన్ను వేరును కొంత తినేసినట్టు కనిపించింది. ఏ వైపు నుంచి చిగురు తెరవాలో, ఆ పన్నుకు అంటించి కిందికి దింపే సన్నని గొలుసును ఏ దిశలో లాగాలో ఆ బొమ్మ చూసే నిర్ణయించారు. ఆ రెండు వారాలు ఎందుకు ఆగానా అని ఇప్పటికీ మనసులో ఉంది. డాక్టర్ గారూ, ఆర్నెల్లకోసారి మళ్ళీ తీయాలా?

దంతవైద్యుడు_వరంగల్:

అవసరం లేదమ్మా. పన్ను కదులుతున్నదీ లేనిదీ మామూలు పరీక్షలో, చిన్న ఎక్స్‌రేలో తెలిసిపోతుంది. పిల్లలకు రేడియేషన్ ప్రభావం పెద్దవారికంటే ఎక్కువ కాబట్టి, మళ్ళీ అడిగితే దేనికోసమో తప్పక అడగండి.

జగిత్యాల_రైతుబిడ్డ:

నా అనుభవం వేరు. ఒకచోట కుర్చీలో కూర్చోగానే, నోరు కూడా చూడకుండా, స్కాన్ తీయించుకొని రమ్మన్నారు. నాకున్నది చిగుళ్ళ నుంచి రక్తం, అంతే. ఇంకొక దంతవైద్యురాలు గార తీసి, బ్రష్ పట్టుకునే పద్ధతి నేర్పించారు, తగ్గిపోయింది. పైగా ఆ స్కాన్ సెంటర్‌వారు ఇచ్చింది రెండు ప్రింటు కాగితాలు మాత్రమే. అసలు ఫైలు అడిగితే డిలీట్ అయిందన్నారు. ఆ కాగితాలను వేరే డాక్టర్ తిప్పి చూడలేరు కదా. అందుకే డబ్బు కట్టేముందే డైకామ్ ఫైలు (కంప్యూటర్‌లో తిప్పి చూడగలిగే అసలు స్కాన్ ఫైలు) పెన్‌డ్రైవ్‌లో ఇస్తారా అని అడగండి, నివేదిక మీద చదివిన డాక్టర్ సంతకం ఉందో లేదో చూడండి.

హసన్‌పర్తి_వాసి:

అందరికీ ధన్యవాదాలు. మొన్న తీయించాను, కింది కుడి మూల వరకే, ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. నరం వేరుకు నాలుక వైపున ఆనుకొని, వేరులో గాడి చేసుకొని పోతోంది. మధ్యలో ఎముక పొర లేదు. డాక్టర్ గారు బొమ్మను తిప్పి తిప్పి చూపించి, మొత్తం పన్ను లాగితే నరం నలిగే అవకాశం ఉందని, పై భాగం మాత్రం కోసి తీసి, వేర్లను ఎముకలోనే వదిలేస్తానని, వాటిని అప్పుడప్పుడు ఎక్స్‌రేలో చూసుకోవాలని చెప్పారు. ఇంట్లో వాళ్ళను కూడా పిలిచి అదే చూపించాను. రెండున్నర వేల మాట మళ్ళీ రాలేదు.

నిన్న చేయించుకున్నాను. మత్తు దిగాక కింది పెదవిని గోటితో గీరి చూసుకుంటే స్పర్శ తెలిసింది. ప్రస్తుతం జావ, మజ్జిగ, సర్వపిండికి రెండు వారాలు సెలవు. ఎడమవైపు జ్ఞానదంతం గురించి కూడా అడిగాను. ఓపీజీని వెలుతురుకు పట్టి చూసి, అది నరానికి దూరంగా ఉందని, దానికి స్కాన్ వద్దని చెప్పారు.