ఇంటి వీడియోలు డీవీడీలుగా చేయడానికి తక్కువ ఖర్చులో ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

పాతటేపులు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో మినీ డీవీ టేపులు (పాత క్యామ్‌కార్డర్‌వి) పదకొండు ఉన్నాయి. వాటిని ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఎలాగోలా పూర్తయింది, అన్నీ ఏవీఐ ఫైళ్లు, ఒక్కోటి గంట నిడివి, గంటకి దాదాపు 13 జీబీ తింటున్నాయి. వీటికి తోడు ఫోన్లో తీసినవి ఓ ముప్పై నలభై క్లిప్పులు. ఇవన్నీ డీవీడీలు చేసి బంధువులకి ఇవ్వాలని నా ఆలోచన. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేయొచ్చుగా అని ఎవరో ఒకరు అంటారని తెలుసు, కానీ మా పెద్దత్తయ్యకి డిస్క్ పెట్టి ప్లే నొక్కడం వరకే అలవాటు, ఇప్పుడు ఇంకేదో నేర్చుకోమని ఆవిడ్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

ఇప్పటిదాకా పడ్డ తిప్పలు కూడా చెప్తా. కొన్నేళ్ల కింద డబ్బు పెట్టి ఒక పెద్ద ప్యాకేజీ కొన్నాను, పేరెందుకులెండి, కంప్యూటర్ మార్చాక యాక్టివేట్ అవనంది, కొత్త వెర్షన్ కొనుక్కోమన్నారు. తర్వాత ఎంపీ4 ఫైలుని ఉన్నదున్నట్టు డిస్క్ మీద రాశాను, కంప్యూటర్‌లో బాగానే ఆడింది, డీవీడీ ప్లేయర్‌లో పెడితే డిస్క్ ఎర్రర్. ఏదో ట్రయల్ వెర్షన్‌తో మూడోది చేస్తే మెనూ అయితే వచ్చింది కానీ బొమ్మ మీద అడ్డంగా వాళ్ల పేరు, మనుషులు నడుస్తుంటే వణికినట్టు కనిపించడం, పైగా ఫోన్ క్లిప్పుల్లో చివరికొచ్చేసరికి మాట పెదాలతో కలవట్లేదు.

నాకు కావలసింది మెనూ, చాప్టర్లు, బొమ్మ మీద ఎవరి పేరూ లేకుండా ఉండటం, అంతే. ఉచితమైతే సంతోషం, లేదంటే ఒకసారి కొని వదిలేసేది, నెలనెలా కట్టేది మాత్రం వద్దు. విండోస్ 10, కొంచెం పాత ల్యాప్‌టాప్. ఏది వాడమంటారు?

డిస్క్‌దాసు:
సాఫ్ట్‌వేర్ పేరు చెప్పే ముందు ఒక్క మాట. ఇందులో మూడు వేరువేరు పనులున్నాయి: వీడియోని ఎంపెగ్-2లోకి, అంటే డీవీడీకి కావలసిన వీడియో రూపంలోకి మార్చడం (దీన్నే ఎన్‌కోడ్ చేయడం అంటారు), దానికి మెనూ, చాప్టర్లు పెట్టి డీవీడీ ఆకారంలో సర్దడం, చివరికి డిస్క్ మీద రాయడం. పెద్ద ప్యాకేజీలు ఈ మూడింటినీ కట్టగట్టి, పైన ఎడిటింగు, ఫోటో ఆల్బమ్‌లు కూడా అంటించి అమ్ముతాయి, మనం వాడేది అందులో పావు వంతు కూడా ఉండదు. అసలు ఆథరింగ్ అంటే మధ్యలో ఉన్న ఆ రెండో పని ఒక్కటే. మూడు పనులకీ మూడు ఉచిత సాధనాలు దొరుకుతాయి కాబట్టి మీరు పైసా పెట్టక్కర్లేదనే నేనంటాను.

మీ రెండో తిప్పలు ఎందుకొచ్చాయంటే, మీరు రాసింది డేటా డిస్క్. మామూలు డీవీడీ ప్లేయర్ డిస్క్‌లో వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో ఐఎఫ్ఓ, వీఓబీ ఫైళ్ల కోసం వెతుకుతుంది. ఎంపీ4ని గుర్తుపట్టే ప్లేయర్లు కొన్ని ఉన్నా, అందరింటా అవే ఉంటాయని అనుకోలేం.

మీ పనికి డీవీడీ స్టైలర్ చాలు. ఉచితం, ఓపెన్ సోర్సు, బొమ్మ మీద ఏ ముద్రా వేయదు, మెనూలో బటన్‌ని మీకిష్టమైన చోటికి లాక్కోవచ్చు. చూడటానికి పాతకాలపు ప్రోగ్రాములా ఉంటుంది, కొత్తవాళ్లు మొదటి పది నిమిషాలు తిట్టుకుంటారు కూడా, కానీ దాని వెనకాల పనిచేసేవి ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో రూపం మార్చేది), డీవీడీ ఆథర్ (డీవీడీ ఆకారంలో సర్దేది) కాబట్టి దాదాపు ఏ ఫైలిచ్చినా తీసుకుంటుంది. నేరుగా డిస్క్‌కి రాయించకుండా ముందు ఐఎస్ఓగా, అంటే మొత్తం డిస్క్ ఒకే ఫైలుగా చేయించుకుని, వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి మెనూ బటన్లన్నీ నొక్కి చూడండి. అన్నీ బాగున్నాయనుకున్నాకే ఇమ్‌గ్‌బర్న్ అనే డిస్క్ రాసే ప్రోగ్రాముతో రాయండి. అది 2013 తర్వాత మారలేదు, మారాల్సిన అవసరమూ రాలేదు. ఉచిత ప్రోగ్రాములు ఏవైనా సరే వాళ్ల సొంత సైటు నుంచే దించుకుని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి పేజీ చదివి నెక్స్ట్ నొక్కండి, లేకపోతే అడగని సామాన్లు కూడా ఇంట్లోకొస్తాయి.

తోకచుక్క:
విండోస్ 7 ఉన్న పాత మిషన్ ఏదైనా పడుంటే అందులో విండోస్ డీవీడీ మేకర్ ఉంటుంది చూడండి, విస్టాలో, 7లో హోమ్ ప్రీమియం లాంటి ఎడిషన్లతో ఇచ్చేవారు, 8 నుంచి తీసేశారు. అంత సులువైంది నేను మళ్లీ చూడలేదు. చాలామంది డీవీడీ ఫ్లిక్ కూడా చెప్తారు, మంచిదే గానీ దాని చివరి వెర్షన్ 2009ది, ఫోన్లు ఇప్పుడు వాడే హెచ్.265 అనే వీడియో రూపం అప్పటికి పుట్టనే లేదు, అవి ఇస్తే తెల్లమొహం వేస్తుంది.

రాత్రిపక్షి:
దాసు అన్న చెప్పిందాంట్లో ముప్పావు వంతు ఒప్పుకుంటా. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, టేపు నుంచి వచ్చిన వీడియోతో జాగ్రత్తగా లేకపోతే బొమ్మ మళ్లీ వణుకుతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

మినీ డీవీ వీడియో ఇంటర్‌లేస్డ్. అంటే ఒక్కో ఫ్రేములో రెండు సగాలుంటాయి, ఒకటి సరిసంఖ్య గీతలు, రెండోది బేసిసంఖ్య గీతలు, ఆ రెండూ వేరువేరు క్షణాల్లో పట్టినవి. ఆ ఒక్కో సగాన్నే ఫీల్డ్ అంటారు, డీవీ టేపులో కింది ఫీల్డ్ ముందొస్తుంది. ఎన్‌కోడర్ పై ఫీల్డ్ ముందనుకుందంటే ప్రతి కదలికా ఒక అడుగు ముందుకి, అరడుగు వెనక్కి వేసినట్టుంటుంది, మీరు చూసిన వణుకు నూటికి తొంభై పాళ్లు అదే. కంప్యూటర్ తెర మీద ఇది సరిగ్గా తెలియదు, టీవీలో తెలుస్తుంది, అందుకే మనుషులు మోసపోతారు. కాబట్టి ఎన్‌కోడ్ సెట్టింగ్స్‌లో ఫీల్డ్ ఆర్డర్ ఎక్కడుందో వెతికి బాటమ్ ఫీల్డ్ ఫస్ట్ పెట్టండి. డీఇంటర్‌లేస్, అంటే ఆ రెండు సగాల్నీ కలిపి ఒకే బొమ్మగా చేయడం, మాత్రం చేయొద్దు. డీవీడీ ఇంటర్‌లేస్డ్ వీడియోని అలాగే తీసుకుంటుంది, డీఇంటర్‌లేస్ చేస్తే కదలికలో సగం మనమే పారేసుకున్నట్టు.

ఈ కారణంగా టేపుల వరకు నా ఓటు ఏవీఎస్‌టూడీవీడీకి. అదీ ఉచితమే, విండోస్‌కి మాత్రమే, ఏవీసింత్ అనే వీడియో సాధనం మీద నడుస్తుంది, దాని మెనూలు సాదాగా ఉంటాయి గానీ ఎన్‌కోడింగు మీద ఎక్కువ పట్టు ఇస్తుంది. ఫ్యాన్సీ మెనూ కావాలంటే స్టైలర్, బొమ్మ ముఖ్యమంటే ఇది.

ఇక కొనే మాట. టీఎంపీజీఎంక్ ఆథరింగ్ వర్క్స్ లాంటివాటికి డబ్బు పెట్టడం ఎప్పుడు న్యాయమంటే, మీ దగ్గర వీడియో ముందే డీవీడీకి సరిపడే ఎంపెగ్-2లో ఉన్నప్పుడు, ఉదాహరణకి చిన్న డిస్కుల మీద రికార్డు చేసే పాత క్యామ్‌కార్డర్లలో తీసినవి. స్మార్ట్ రెండరింగ్ అని ఒకటుంటుంది, మీరు కత్తిరించిన చోట కొన్ని ఫ్రేములు మాత్రమే కొత్తగా ఎన్‌కోడ్ చేసి మిగతాదాన్ని ముట్టుకోదు, టైమూ మిగులుతుంది, నాణ్యతా పోదు. నా దగ్గర అలాంటివి చాలా ఉండి కొన్నాను, ఏనాడూ బాధపడలేదు. మీవి డీవీ ఏవీఐలు కాబట్టి ఎలాగూ మొత్తం ఎన్‌కోడ్ కావాల్సిందే, మీకు ఆ ఖర్చు దండగ.

పాతటేపులు:
ఇద్దరికీ, తోకచుక్క గారికీ చాలా థ్యాంక్స్. ఫీల్డ్ ఆర్డర్ అనే మాట నేను మొదటిసారి వింటున్నా. రెండు సందేహాలు. పదకొండు టేపులకి పదకొండు డిస్కులంటే ఎక్కువ అనిపిస్తోంది, ఒక్కో దాంట్లో మూడేసి టేపులు పట్టించొచ్చా? సాఫ్ట్‌వేర్ అయితే పడతాయనే చూపిస్తోంది. రెండోది, ఫోన్ వీడియోల్లో మాట తప్పిపోవడానికి మందేమిటి?

డిస్క్‌దాసు:
పట్టించొచ్చు, చూడబుద్ధి కాదు. లెక్క ఇది. మామూలు డిస్క్‌లో 4.7 జీబీ, కంప్యూటర్ దాన్నే 4.38 అని చూపిస్తుంది, కంగారు పడకండి, లెక్కించే పద్ధతి వేరు అంతే. దాన్ని రెండు గంటలకి పంచితే సెకనుకి 5.2 మెగాబిట్లు వస్తాయి, మూడు గంటలకైతే మూడున్నర. చేత్తో పట్టుకుని తీసిన వీడియోలో కెమెరా ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది కదా, పిల్లలు పరిగెత్తుతుంటారు, నీళ్లు, చెట్లు, మూడున్నర దగ్గర అవన్నీ చిన్న చిన్న గడుల్లా విడిపోతాయి. ఒక టేపుకి ఒక డిస్క్ పెట్టుకుంటే 8 మెగాబిట్లు ఇవ్వొచ్చు, గంటకి 3.6 జీబీ, పక్కన ఆడియో ఏసీ3 అనే రూపంలో సెకనుకి 192 కిలోబిట్ల దగ్గర పెడితే అది వంద ఎంబీ లోపే, హాయిగా సరిపోతుంది. మరీ కుదరకపోతే రెండు టేపులు, మూడు మాత్రం వద్దు. వీడియోకి 9.8 దాకా అనుమతి ఉంది కదాని అక్కడిదాకా లాగకండి, ఇంట్లో రాసిన డిస్కుల మీద పాత ప్లేయర్లు అంత వేగాన్ని అందుకోలేక ఆగి ఆగి ఆడతాయి. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ డిస్కులున్నాయి గానీ పాత ప్లేయర్లతో అవి ఇంకా పేచీ, మీ అత్తయ్యగారి కోసమంటే ఆ జోలికి పోవద్దు.

రాత్రిపక్షి:
ఫోన్ సంగతి నేను చెప్తా. ఫోన్లు చాలావరకు ఫ్రేములు ఒకే వేగంతో తీయవు, వెలుతురు తగ్గితే నెమ్మదిస్తాయి. డీవీడీకి ఖచ్చితంగా సెకనుకి 25, లేదా 29.97 ఉండాలి. కొన్ని ప్రోగ్రాములు ఆ తేడా సర్దలేక ఆడియోని వదిలేసి బొమ్మని సాగదీస్తాయి, క్లిప్ ఎంత పొడుగైతే అంత తేడా. ముందు ఫోన్ ఫైళ్లని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాములో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ (అంతా ఒకే వేగం) ఎంచుకుని, క్వాలిటీ అంకె 16, 18 మధ్య పెట్టి, అంటే ఫైలు పెద్దదైనా ఫర్వాలేదని, ఒకసారి మార్చండి. వచ్చిన దాన్ని ఆథరింగ్ ప్రోగ్రాముకి ఇవ్వండి. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను డీవీడీ చేయదు, చాలామంది అదీ చేస్తుందనుకుని గంటలు వేస్టు చేసుకుంటారు.

టేపుల్ని ఫోన్ క్లిప్పుల్ని ఒకే డిస్క్‌లో కలపకుండా ఉంటే మేలు, బొమ్మ ఆకారం ఒకటి 4:3, ఇంకోటి వెడల్పాటి 16:9. ఫోన్లో ఎంత గొప్ప హెచ్‌డీ ఉన్నా డీవీడీలోకి వచ్చేసరికి పాల్ (మన దగ్గరి టీవీ పద్ధతి) అయితే 720 బై 576, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అయితే 720 బై 480, అంతకు మించి లేదు. టేపులు పాల్‌వైతే డిస్కూ పాలే చేయండి, ఇది దానిగా అది దీనిగా మారిస్తే బొమ్మ పాడవుతుంది.

తోకచుక్క:
హెచ్‌డీ పోకూడదంటే బ్లూ-రే, 25 జీబీ పడుతుంది, దానికి రైటరూ ప్లేయరూ రెండూ వేరే కావాలి. ఈ పనికి అనవసరం.

పాతటేపులు:
రెండు వారాల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మొదటి టేపు ఏవీఎస్‌టూడీవీడీతో చేశాను, రాత్రి పెట్టి పడుకున్నా, పాత ల్యాప్‌టాప్ కదా, పొద్దునకి అయింది. వణుకు పోయింది! ఫోన్ వాటికి స్టైలర్ వాడాను, హ్యాండ్‌బ్రేక్ చిట్కాతో మాట కూడా కుదిరింది. ఒకే ఒక్క పొరపాటు, మెనూలో పేర్లు మరీ అంచుకి పెట్టాను, టీవీలో సగం అక్షరాలు తెగిపోయాయి, వాటిని లోపలికి జరిపి మళ్లీ చేశాను. అదృష్టం కొద్దీ మొదట రాసింది రీరైటబుల్ డిస్క్ మీద, కాబట్టి డిస్క్ పోలేదు.

ఒకటడగాలి, డీవీడీలు అయ్యాక ఆ ఏవీఐలు తీసేయొచ్చా? డిస్క్ నిండిపోయింది.

డిస్క్‌దాసు:
వద్దు! డీవీడీలో ఉన్నది పిండేసిన నకలు, మీ అసలు ఆ ఏవీఐలే. పదకొండు గంటలంటే 143 జీబీ, ఓ చిన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో మూలకి పడుంటాయి. వీలైతే రెండు చోట్ల పెట్టండి, టేపులు కూడా పారేయకండి. మిగిలిన పదీ రాసేటప్పుడు 16ఎక్స్ వేగం డిస్క్ అయితే 8ఎక్స్‌లో నెమ్మదిగా రాయండి, ఇమ్‌గ్‌బర్న్‌లో రాసింది సరిచూసే వెరిఫై టిక్ తీయొద్దు, అది ఇంకో పది నిమిషాలు తీసుకుంటుంది, తీసుకోనివ్వండి.

పాతటేపులు:
సరే అన్నా. రెండోది ఇప్పుడే పెట్టాను, ఆరు శాతం అయింది.